నలభై మూడు గొడ్డు మొక్కలు

నలభై మూడు కుండీల వరి మొక్కలను బతికుండగా పెరికి పారేశారు. నేను పెరకమన్నానని కాగితంలో రాశారు. నేను పెరకమనలేదు. ఆ రోజు నేను అక్కడ లేను కూడా.

ఆ కాగితం ఇప్పటికీ నా సర్వీసు ఫైలులో ఉంది. "సాంకేతిక సహాయకుడు పనికిరానివిగా గుర్తించిన మొక్కలు తొలగించబడినవి" అని ఒక్కటే వాక్యం. తొలగించబడినవట! ఎవరు తొలగించారో అందులో లేదు, ఎవరు చెప్పారో లేదు. గుర్తించినవాడు మాత్రం ఉన్నాడు. అది నేను. ఆ వాక్యం తీసెయ్యమని పదేండ్లుగా ఉత్తరాలు రాస్తున్నాను. ఉద్యోగంలో ఉన్నప్పుడు రాశాను, దిగిపోయాక కూడా రాస్తున్నాను. ఇన్నేండ్ల తర్వాత ఒక వాక్యం ఉంటే ఏమిటి, పోతే ఏమిటి అని నాతో అన్నవాళ్లున్నారు. వాళ్లెవరూ మూడు పంటల కాలం ఒక మొక్కను గింజ లేకుండా బతికించినవాళ్లు కారు.

ల్యాబుల్లోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఎప్పుడు ఏ మెట్టు ఎక్కానో, ఏ సన్మానంలో ఎవరు శాలువా కప్పారో రాయను. శాలువా ఎవరూ కప్పలేదు గనక ఆ ఇబ్బంది లేదు.

సీసాల్లో మేం చేసిన పని

గద్వాల బయట, మల్దకల్ రోడ్డు మీద, ఒక చిన్న వరి పరిశోధన కేంద్రంలో నేను పనిచేశాను. అప్పటికి మా జిల్లాలు ఇంకా ముక్కలు కాలేదు. ఏడో తరగతి చదివి కాపలా పనికి చేరాను. సీసాల మీద అంటించిన కాగితాలు చదువుతూ ఇంగ్లీషు నేర్చుకున్నాను. మొదట చదివింది పుర్రె బొమ్మ ఉన్న సీసానే, ఎందుకంటే ప్రాణభయాన్ని మించిన పంతులు లేడు. తర్వాత ఒక పాత నిఘంటువు దొరికింది. అట్ట ఊడిపోయేదాకా చదివాను. పదిహేనేండ్లు తిరిగేసరికి మందు కలిపేది నేను, నాటేది నేను, పక్కన నిలబడి సంతకం పెట్టేది ఇంకొకరు.

పని ఏమిటో సూటిగా చెబుతాను. రెండు రకాల వరిని కలిపితే పుట్టే మొక్కలు ఒకదానిలా ఒకటి ఉండవు. ఒక్క తీరుకు రావాలంటే ఏడెనిమిది పంటలు ఏరుతూ పోవాలి. ఎందుకంటే ప్రతి మొక్కలోనూ రెండు వాటాలుంటాయి, తల్లిది ఒకటి, తండ్రిది ఒకటి. ఆ రెండూ ఏటేటా కొత్తగా కలబడుతుంటాయి. పుప్పొడిలో మాత్రం ఒక్కటే వాటా ఉంటుంది. పువ్వు విచ్చక ముందే పుప్పొడి తిత్తిని తీసి, చక్కెర, ఉప్పులు కలిపిన జిగురు మీద పెట్టి, చీకట్లో ఉంచితే, ఆ పుప్పొడి తన దారి మరిచి మొక్క అవడానికి చూస్తుంది. వేల తిత్తులు పెడితే చేతివేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మొలుస్తాయి. వాటిలో చాలామటుకు సున్నం కొట్టినట్టు తెల్లగా వస్తాయి. కొత్తవాళ్లు వాటిని చూసి సంబరపడతారు. పడకండి. ఆకులో పచ్చదనం లేనిది సీసాలో చక్కెర ఉన్నంతసేపే బతుకుతుంది.

పచ్చగా వచ్చిన వాటిలో కొన్ని తమంతట తామే వాటాను రెట్టింపు చేసుకుని వస్తాయి. మిగిలినవి ఒక్క వాటాతోనే ఉండిపోతాయి. పొట్టిగా, సన్నటి ఆకుతో పెరుగుతాయి, వెన్ను కూడా తీస్తాయి. కానీ అంతా తాలే, ఒక్క గింజ పట్టదు. వాటి పిలకల వేర్లను కాల్చిసిన్ అనే విషపు మందులో ముంచితే, కొన్ని చస్తాయి, కొన్నింటిలో ఉన్న వాటానే రెండు అవుతుంది. అప్పుడు గింజ పడుతుంది. రెండు వాటాలూ ఒక్కటే గనక ఆ గింజ ఎన్ని పంటలు వేసినా తీరు మారదు. ఎనిమిది పంటల పని రెండు పంటల్లో అయిపోతుంది.

ఒక్క సంగతి బాగా గుర్తుంచుకోండి. మందు పెట్టేదాకా ఆ మొక్కకు విత్తనం లేదు. పిలకలు విడదీసి, కుండీ మార్చి, పంట తర్వాత పంట దాన్ని చేత్తో బతికించుకోవాలి. మొక్క పోతే ఇంకేమీ మిగలదు.

మాట్లాడగూడని గది

తిత్తులు నాటే గది చిన్నది. కిటికీ లేదు. శుభ్రమైన గాలి వీచే ఒక పెట్టె, స్పిరిట్ దీపం, ఒక స్టూలు ఉండేవి. మోచేతుల దాకా చేతులు కడుక్కుని, మూతికి గుడ్డ కట్టుకుని కూర్చోవాలి. మాట్లాడగూడదు. నోట్లోంచి వచ్చే ఒక్క తుంపర చాలు, సీసాలో బూజు పట్టడానికి. పొద్దున్నే కూర్చుంటే మధ్యాహ్నం దాకా తిత్తులు పట్టుకునే చిమ్టా చప్పుడు తప్ప ఇంకో చప్పుడు ఉండేది కాదు. ఇరవై ఏడేండ్లు అట్లా కూర్చున్నాను.

మీకు ఎవరూ చెప్పరు గనక చెబుతున్నాను, ఆ గది మీతో పాటు ఇంటికి వస్తుంది. నా భార్య అనేది, "ఇంట్ల గూడ మూతికి గుడ్డ కట్టుకున్నట్టే ఉంటవేందయ్యా? నేనేమన్న సీసల మొక్కనా, నువ్వు మాట్లాడితె బూజు వడ్తనా?" అని. నేను నవ్వి ఊరుకునేవాడిని. ఆమె పోయి ఆరేండ్లయింది. ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్నాను. ఎంతసేపైనా మాట్లాడవచ్చు, ఏ మొక్కా చెడిపోదు. పాలపాకెట్ తెచ్చేటప్పుడు దుకాణంలో రెండు మాటలు, అంతే. ఇప్పటికీ అన్నం ముందు మోచేతుల దాకా కడుక్కుంటాను.

ఆ గదిలో నేను చేసిన మొదటి పెద్ద తప్పు చెబుతాను. ఒక రోజు జలుబు చేసి ఉంది, సెలవు పెట్టాల్సింది, పెట్టలేదు. పెట్టె ముందు కూర్చుని ఒక్క తుమ్ము తుమ్మాను. గుడ్డ తడిసింది. మార్చుకోకుండా పని ముగించాను. అయిదో రోజుకు ఆ పూట నాటిన సీసాలన్నీ నల్లటి బొచ్చుతో నిండిపోయాయి. రిజిస్టరులో, "కరెంటు పోయినందున పాడైనవి" అని రాశాను. అప్పుడు మా పై అధికారి సుభద్ర మేడం. పని నేర్పింది ఆమే. ఆ పేజీ చదివి, కళ్లజోడు పైకి తోసి అడిగారు:

"కరెంటుకు జలుబు చేసిందా?"

నేను తల దించుకున్నాను.

"మొక్కలు పోతే మళ్లీ నాటుకుంటాం. అబద్ధం రాస్తే, ఎందుకు పోయాయో మన తర్వాత వచ్చేవాళ్లకు ఎప్పటికీ తెలియదు. ఆ పేజీ చించకండి. కింద నిజం రాయండి."

కింద రాశాను. నా తుమ్ము ఇప్పటికీ ఆ రిజిస్టరులో ఉండే ఉంటుంది. రాయడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసిందనుకున్నాను. సగమే తెలిసింది.

అధికారులందరూ మేడంలా ఉంటారనుకోకండి. ఆమెకు ముందు ఒకాయన ఉండేవాడు. చుట్టాలనూ పరిచయస్తులనూ వెంటబెట్టుకుని వచ్చి, చీకటి గది తలుపు తెరిచి, "ఇక్కడ పూర్తి చీకట్లో పెంచుతామండీ" అని లైటు వేసి చూపించేవాడు. ఒక వారంలో మూడు సార్లు చూపించాడు. ఆ వారం సీసాల్లో మొక్క కాదు, మొక్క నీడ కూడా రాలేదు. జిగురులో కలిపే మందు నాణ్యత బాగాలేదని పైకి ఉత్తరం రాశాడు.

కొలబద్దా, వేళ్లూ

తిత్తులు ఏ ఈడులో తీయాలన్నదే ఈ పనిలో సగం విద్య. వరి చిరుపొట్ట మీద ఉండాలి. వెన్ను ఇంకా కాడ లోపలే ఉంటుంది, పైకి కనబడదు. అందుకని పుస్తకాల్లో ఒక కొలత ఇస్తారు. పైన చివరగా వచ్చే పోటాకు మొదలుకూ, దాని కింది ఆకు మొదలుకూ మధ్య ఎంత దూరం ఉంటే ఆ కాడ కోయాలని. మేం కొలబద్దలు పట్టుకుని మడిలో దిగేవాళ్లం. ఒక్కో రకానికి ఒక్కో కొలత. ఎండ ముదిరితే అదీ మారుతుంది. సగం కాడలు పనికిరాకుండా పోయేవి.

మడి పనికి వచ్చే ఆడవాళ్లలో ఎస్తేరమ్మ అని ఒకామె ఉండేది. వీపనగండ్ల వైపు ఊరు. చిన్నప్పటి నుంచీ నాట్లు వేసిన చేతులు. ఒక రోజు ఆమె కొలబద్ద లేకుండా కాడలు కోస్తుంటే నేను కేకేశాను.

"ఎస్తేరమ్మా, స్కేలు ఏదీ?"

"ఏందన్నా, కడుపుతోని ఉన్నదాన్ని స్కేలు వెట్టి కొలుస్తరా?"

మడిలో అందరూ ఘొల్లుమన్నారు. నాకు కోపం వచ్చింది. ఆమె కోసిన కాడలు వేరే కట్ట కట్టి, తప్పు చూపిద్దామని మేడం దగ్గరికి తీసుకుపోయాను. మేడం తిత్తులను చిదిమి మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. ఒకటి చూశారు, రెండు చూశారు, పది చూశారు. పుప్పొడి అన్నింట్లోనూ సరిగ్గా కావలసిన ఈడులోనే ఉంది.

"ఇవి ఎవరు కోశారు?"

ఎస్తేరమ్మను పిలిపించాను. గడపలోనే నిలబడింది. చేతులు బురదగా ఉన్నాయి.

"ఎట్లా తెలుస్తుందమ్మా నీకు?" అన్నారు మేడం.

"మా అమ్మ మంత్రసానమ్మా. చెయ్యి వెడితె ఎన్నో నెలనో చెప్తుండె. గిది గూడ గంతే. కాడను రెండు వేళ్ల నడుమ వట్టి జర ఒత్తితె లోపల మెత్తగ తగుల్తది. గట్టిగ తగిల్తె ముదిరినట్టు. ఏం తగలకుంటె ఇంక పడలేనట్టు."

ఆ రోజు నుంచి కాడలు కోసేది ఎస్తేరమ్మే. మా సీసాల్లో పచ్చ మొక్కలు అప్పటి నుంచే ఎక్కువ వచ్చాయి. పైకి పంపిన నివేదికలో మాత్రం సెంటీమీటర్లే రాశాం. వేళ్లతో ఒత్తి చూశామని రాస్తే నవ్వుతారని మేడం అన్నారు. నేనూ సరే అన్నాను. మేడం చేసిన తప్పుల్లో నాకు గుర్తున్నది అదొక్కటే. దాంట్లో నాకూ పాలుంది.

ఒక మాట పుట్టిన తీరు

ఒక్క వాటా మొక్కను ఇంగ్లీషులో హ్యాప్లాయిడ్ అంటారు. కుండీలుంచే షెడ్డులో నీళ్లు పోసే ఆడవాళ్లకు ఆ మాట నోరు తిరిగేది కాదు. ఒకామె ఆపులాయి అనేది, ఇంకొకామె లాయిడమ్మ అనేది. ఏ కుండీలో ఏది ఉందో కలగాపులగం అవుతుండేది. తెలుగు మాట ఒకటి పెట్టాలని నాకు పట్టుదల పుట్టింది.

వరికి పొట్ట పడిందంటాం. వరి ఈనిందంటాం. బర్రెకు వాడే మాటే వరికీ వాడతాం. మరి వెన్ను తీసి కూడా గింజ పట్టని దాన్ని ఏమనాలి? గొడ్డు. నాకు ఆ మాట తట్టిన రోజు నేల మీద నిలవలేదు. నిఘంటువు రాసినవాడికి కూడా ఇంత సక్కటి మాట దొరికి ఉండదనుకున్నాను. మేడంకు చెప్పాను.

"అర్థం సరిపోయింది. కానీ చీటీ మీద పక్కనే ఇంగ్లీషు అక్షరం కూడా వేయండి. మీరు లేనప్పుడు బయటివాళ్లు చూస్తారు" అన్నారు.

వేయలేదు. కుండీకి కట్టే చీటీ చిన్నది, రెండు మాటలు పట్టవని నాకు నేను చెప్పుకున్నాను. పడతాయి. ఆ మాట నాది, దాని పక్కన ఇంకో మాట నిలబడడం నాకు ఇష్టం లేకపోయింది. నల్ల పెన్నుతో, గుండ్రటి అక్షరాలతో, ప్రతి ఒక్క వాటా మొక్క చీటీ మీదా 'గొడ్డు' అని రాశాను. ఆ షెడ్డులో గొడ్డు అంటే అన్నింటికన్నా జాగ్రత్తగా చూసుకోవలసిన మొక్క అని అర్థం. ఆ అర్థం షెడ్డులో ఉన్నవాళ్లకే తెలుసు.

ఎస్తేరమ్మకు పిల్లలు కాలేదు. అందుకని పెనిమిటి ఇంకో పెండ్లి చేసుకుని పుణె పోయాడు. ఇది మాకందరికీ తెలుసు. తెలిసే ఆ కుండీలకు నీళ్లు పోసే పని ఆమెకిచ్చాను. ఎందుకంటే ఆమె పోస్తే మొక్క చావదు. మిగతా ఆడవాళ్లు ఊరుకుంటారా?

"ఎస్తేరూ, నీ చెల్లెండ్లు దూపతోని ఉన్నరు, జర నీళ్లు వొయ్యరాదె" అనేది నాగమ్మ అనే ఆమె.

"పోస్త గాని, ముందుగాల నీ నోట్ల పోస్త దా. పొద్దటిసంది వాగి ఎండిపోయినట్టుంది."

అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను. జవాబు చెప్పింది గదా, ఆమెకు పట్టింపు లేదనుకున్నాను. ఒక రోజు భోజనాల వేళ, ఎవరూ లేనప్పుడు, ఆమె నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, జర ఒక మాట."

"చెప్పు."

"ఆ చీటీల మీద మాట మార్చరాదా?"

"ఏ మాట?"

ఆమె చెప్పలేదు. నేలవైపు చూసింది. తర్వాత అంది, "వాటికి ఒక్కటే వాటా ఉందంటివి గద నువ్వే. ఒంటివి అని రాయి. ఒంటి మొక్క. అర్థం గూడ సక్కగ కుదుర్తది."

కుదురుతుంది. నా మాటకంటే బాగా కుదురుతుంది. గొడ్డు అన్నది మొక్క ఏమి చెయ్యలేదో చెబుతుంది, ఒంటి అన్నది మొక్క ఏమిటో చెబుతుంది. ఆ క్షణంలోనే అది నాకు తెలిసింది. తెలిసినందుకే కోపం వచ్చింది. నిఘంటువు నాలుగు సార్లు చదివినవాడిని నేను. ఈమె వేలిముద్ర వేసే మనిషి.

"అది శాస్త్రానికి పెట్టిన పేరు. నీ ఇష్టమొచ్చినట్టు మారుస్తరా? పోయి పని చూస్కో."

"మంచిది సారు" అని పోయింది. అంతకుముందు ఎప్పుడూ నన్ను సారు అనలేదు. ఆ తర్వాత ఎప్పుడూ అన్నా అనలేదు.

నేను లేని మూడు రోజులు

మేడం బదిలీ అయి పోయారు. కొత్త సారు వచ్చాడు. పేరు రాయను. రాస్తే నా పోట్లాట ఆయనతో అనుకుంటారు. నా పోట్లాట ఒక వాక్యంతో.

అప్పటికి షెడ్డులో నలభై మూడు ఒక్క వాటా మొక్కలున్నాయి. శ్రీరంగాపూర్ చెరువు కింద ఒక ముసలి రైతు దగ్గర మిగిలిన సన్నరకం ఒకటుండేది. వాసనకు, రుచికి పెట్టింది పేరు, కానీ గాలికి పడిపోతుంది. దాన్ని గట్టి కాడ ఉన్న రకంతో కలిపి, ఆ కలయిక తిత్తుల నుంచి తీసిన మొక్కలవి. ఆ రైతు పోయాడు, ఆయన మడిలో ఇప్పుడు వేరే వడ్లు. కాల్చిసిన్ రావడం ఆలస్యమైతే, మూడు పంటల కాలం పిలకలు విడదీస్తూ బతికించాం. చివరికి మందు వచ్చింది. వచ్చే సోమవారం ముంచుదామనుకున్నాం.

ఆ వారంలోనే నా భార్యకు వనపర్తి దవాఖానలో కడుపు ఆపరేషన్. మూడు రోజులు సెలవు పెట్టాను. అవే రోజుల్లో మల్దకల్ తిమ్మప్ప జాతర, షెడ్డు ఆడవాళ్లందరూ జాతరకు పోయారు. ఎస్తేరమ్మది చర్చి గనక ఆమె ఒక్కతే పనికి వచ్చింది. పై అధికారులు చూడడానికి వస్తున్నారని కొత్త సారుకు కబురు. షెడ్డు శుభ్రంగా కనబడాలి.

నేను తిరిగి వచ్చేసరికి నలభై మూడు కుండీలు కడిగి, ఒకదానిలో ఒకటి బోర్లించి ఉన్నాయి. షెడ్డు వెనక చెత్తకుప్పలో ఎండిన వేర్లు. ఒక్కో పిలక తీసి వాసన చూశాను, గోటితో గీకి చూశాను. ఏ ఒక్కదానిలోనూ పచ్చి లేదు. సారు గదికి పోయాను. బల్ల మీద నా చీటీలు ఒక దారానికి గుచ్చి ఉన్నాయి.

"ఈ రాత ఎవరిది?" అన్నాడు, నేను నోరు తెరవక ముందే.

"నాదే సార్."

"ఏమని ఉంది?"

"గొడ్డు అని."

"గొడ్డు అంటే తెలుగులో ఏమిటి?"

"సార్, మా షెడ్డుల దాని అర్థం వేరే..."

"మీ షెడ్డుకు వేరే తెలుగు ఉంటుందా?"

బయటికి వస్తే షెడ్డు గడపలో ఎస్తేరమ్మ నిలబడి ఉంది. ఏం జరిగిందని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. వారం తర్వాత ఆ వాక్యం కాగితం మీదికి ఎక్కింది. సంతకం పెట్టమన్నారు, పెట్టలేదు. సంతకం లేకుండానే ఫైలులో పెట్టారు. మరుసటి పంటకు ఎస్తేరమ్మ పని మానేసి బొంబాయి పోయింది. కాడలు మళ్లీ కొలబద్దతోనే కోశాం.

పిల్లలూ, చీటీ రాసేటప్పుడు, దాన్ని మీరు లేని రోజున, మీరంటే గిట్టనివాడు చదువుతాడనుకుని రాయండి. ఈ మాట మాత్రం మీకు ఏ ట్రైనింగులోనూ చెప్పరు.

వీపనగండ్ల బస్సు

నా ఉత్తరాలకు పదేండ్లు జవాబు లేదు. ఈ మధ్యే ఒక కొత్త అధికారిణి ఫోను చేసింది. మర్యాదగానే మాట్లాడింది. "ఆ రోజు అక్కడున్నవాళ్లెవరైనా, మీరు పెరకమని చెప్పలేదని రాసిస్తే, ఆ కాగితాన్ని ఫైలులో జత చేసి వాక్యం సరిచేయవచ్చు" అంది. ఆ రోజు అక్కడున్నది ఒక్కతే మనిషి.

ఎస్తేరమ్మ బొంబాయి నుంచి తిరిగొచ్చి, వీపనగండ్లలో చెల్లెలింట్లో ఉంటుందని తెలిసింది. వనపర్తిలో బస్సు మారి పోయాను. దారి పొడుగునా ఏమనాలో మనసులో రాసుకుంటూ పోయాను. ఆమె అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. జుట్టు పూర్తిగా తెల్లబడింది. నన్ను చూసి లేవలేదు. చెల్లెలి కోడలితో మంచినీళ్లు ఇప్పించింది.

"మస్తు ముసలోనివయినవు సారూ."

"నువ్వు మాత్రం?"

"నేను అప్పుడే ముసల్దాన్ని. ఇప్పుడు కొత్తగ అయ్యేదేముంది?" గింజ తీసి పక్కన వేసింది. "ఇంట్ల అమ్మ బాగుందా?"

"పోయింది. ఆరేండ్లయింది."

ఆమె చేతులు ఆగాయి. "అయ్యో. ఎవరూ చెప్పకపాయె. మంచి మనిషి. ఒక్కనివే ఉంటున్నవా?"

"ఒక్కణ్నే."

"వండుకుంటవా?"

"వండుకుంటా."

నేను సంచిలోంచి కాగితం తీశాను. వచ్చిన పని చెప్పాను. మొత్తం విని అడిగింది.

"ఏమని రాయాలె?"

"నేను పెరకమనలేదని."

"గంతేనా?"

"అంతే."

"ఇన్నేండ్లకు గిందుకొచ్చినవా సారూ?"

నేను కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఆమె మళ్లీ చింతపండు అందుకుంది. "పో. బస్సు పోతది. యోచన చేసి చెప్త. మా కోడలికి నీ నంబరియ్యి" అంది.

ఇరవై రెండు రోజులు ఫోను పక్కన పెట్టుకుని కూర్చున్నాను. బయటికి పోతే జేబులో, పడుకుంటే దిండు పక్కన. ఇరవై మూడో రోజు పొద్దున, టీ పెట్టుకుంటుండగా, ఆమె గొంతు వాట్సాప్‌లో వచ్చింది. పొయ్యి కట్టేసి, నిలబడే విన్నాను. ఉన్నదున్నట్టు కింద రాస్తున్నాను. ఒక్క మాట కూడా నేను మార్చలేదు.

"సారూ, నేను ఎస్తేరమ్మను. మా కోడలు ఫోను వట్టుకుంది, మాట్లాడుతున్న. నువ్వొచ్చి పోయినంక మస్తు యోచన చేసిన. నీకు అబద్దం చెప్పను. ఆ దినం కొత్త సారు నీ చీటీ సదవనే లేదు. కుండీల దిక్కు సూపిచ్చి, గివేందమ్మా అని నన్నడిగిండు. నాకు తెల్వదా అవేందో? ఏ కుండీల ఎన్ని పిలకలున్నయో నాకెరుక. గొడ్డువి సారు అన్న. గొడ్డువైతె ఎందుకు, తీసెయ్యమన్నడు. జర ఆగుండ్రి సారు, ఇవి పనికొచ్చేవి, సీసల సారు ఒస్తడు అని ఒక్క మాటంటె ఆగుతుండె. నోటిదాంక ఒచ్చింది. మింగిన. నేనే పెరికిన. నలభై మూడూ నా చేతులతోనే పెరికిన. మన్ను దులిపి కుండీలు కడిగి పెట్టిన. ఇంటికి పోయినంక అన్నం దిగలే. నువ్వు పెరకమనలే, అది నిజమే. రాసిస్త. గాని గంతే రాస్తె సగమే అయితది. నేను ఎందుకు పెరికిన్నో అది గూడ దాంట్ల ఉండాలె. అది నాకు రాయొస్తదా? నువ్వే రాయాలె, నీ చేత్తోని. రాసుకోని రా. సదివి ఇనిపియ్యి. వేలిముద్ర ఏస్త."